టైలరక్క చుక్కల పుస్తకం

గుడ్డలో ఒక్క అంగుళం వృథాగా పోయిందంటే టైలరక్కకి ఒళ్ళు మండుతుంది. పదహారో ఏట కత్తెర పట్టింది, ముప్పై నాలుగేళ్ళుగా దాన్ని కింద పెట్టింది లేదు. గౌను కత్తిరించగా మిగిలిన ముక్క జేబవుతుంది. జేబు కత్తిరించగా మిగిలింది గుండీ వెనక అతుకవుతుంది. ఆపైన మిగిలే పీలికలు దిండులోకి పోతాయి. ఆవిడ ఇంటికి చుట్టంగా వచ్చి దిండు మీద తల వాల్చినవాళ్ళు సగం వీధి బట్టల మీద పడుకున్నట్టే. అసలు పేరు ఒకటి ఉంది గానీ బ్యాంకు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు.

ఆవిడ ఉండేది నాలుగంతస్తుల మేడలో, రెండో అంతస్తు ఎడమ వైపు. అంతస్తుకి రెండిళ్ళ చొప్పున ఎనిమిదిళ్ళు. అందరికీ కలిపి డాబా మీద ఒకే ఒక్క నీళ్ళ ట్యాంకు. పొద్దున్న ఒకసారి నిండుతుంది, మర్నాడు పొద్దున్న దాకా దాంతోనే సరిపెట్టుకోవాలి. అలాంటిది రెండు నెలలుగా మధ్యాహ్నం మూడింటికే ట్యాంకు అడుగు కనిపిస్తోంది. సాయంత్రం ఆఫీసుల నుంచి వచ్చినవాళ్ళు కుళాయి తిప్పితే అది కాసేపు బుస్సుమని ఊరుకుంటోంది.

ఆ ట్యాంకు పక్కనే టైలరక్క కుండీలు. ఇరవై ఏడు. పుదీనా, మిరప, టమాటా, నాలుగు రకాల బంతి, చివర పగిలిన బట్టల తొట్టిలో ఒక నిమ్మ మొక్క. నిమ్మ వయసు ఎనిమిదేళ్ళు. ఏడేళ్ళు ముళ్ళు తప్ప ఏమీ కాయలేదు. ఈ ఏడు మొదటిసారిగా గోళీకాయంత కాయలు పదకొండు వేసింది. టైలరక్క రోజూ పొద్దున్నే పైకెళ్ళి వాటిని లెక్కపెట్టి, పదకొండూ ఉన్నాయని నమ్మకం కుదిరాక కిందికి దిగి మిషను ముందు కూర్చునేది.

ఒక సోమవారం మెట్ల దగ్గర గోడ మీద కాగితం వెలిసింది. మేడ సంఘం సెక్రటరీ అంటించింది. "నీళ్ళు చాలడం లేదు. వచ్చే ఆదివారం సాయంత్రం అయిదింటికి ట్యాంకులో నీళ్ళు మిగలకపోతే డాబా మీది కుండీలన్నీ తీసివేయబడును."

టైలరక్క ఆ కాగితం మూడుసార్లు చదివింది. మూడోసారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ వెంటనే కోపం వచ్చి ఆ నీళ్ళు ఎండిపోయాయి. ఎందుకంటే ఆవిడ ఆ ట్యాంకు నీళ్ళు మొక్కలకి చెంబెడు కూడా పోయదు. కూరగాయలు కడిగిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, బట్టలు ఆఖరిసారి జాడించిన నీళ్ళు బకెట్లో పట్టి, మోకాళ్ళు కలుక్కుమంటున్నా మూడంతస్తుల మెట్లు మోసుకెళ్ళి పోస్తుంది. నేరుగా మూడో అంతస్తుకెళ్ళి సెక్రటరీ తలుపు తట్టింది.

సెక్రటరీ బీమా ఆఫీసులో పెద్ద గుమాస్తా. మనిషి మంచివాడే గానీ అందరికీ మంచివాడిగా ఉండాలన్న యావ ఎక్కువ. "నాకు తెలుసు అక్కయ్యా. కానీ జనం అడుగుతున్నారు. కంటికి కనిపించేవి అవే కదా, అందుకని..." అని తల గోక్కున్నాడు.

"అయితే కంటికి కనిపించనివి నేను చూపిస్తాను" అనేసి దిగొచ్చింది.

అలా అని వచ్చిందే గానీ ఏం చూపించాలో తెలీదు. ఆవిడ భర్త బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. రోజుకి ఇరవై మాటలకి మించి మాట్లాడడు. సంగతంతా విని, అందులోంచి నాలుగు మాటలు ఖర్చు పెట్టాడు. "ఎక్కడో కారుతోంది. కనుక్కో పో."

టైలరక్క మెడలో టేపు వేసుకుంది, చంకలో కొలతల పుస్తకం పెట్టుకుంది. "కిటికీలకి కర్టెన్లు కుట్టిస్తారా? కొలతలు తీసుకున్నందుకు ఏమీ ఇవ్వక్కర్లేదు" అంటూ ఇల్లిల్లూ ఎక్కింది. కొలతలు ఊరికే తీసుకుంటామంటే వద్దనేవాళ్ళెవరు? కిటికీ కొలిచాక, "చేతులు కడుక్కుంటానమ్మా" అని వంటింట్లోకి, అక్కడినుంచి బాత్రూంలోకి. కుళాయి కారుతుంటే, కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ తీసి దాని కింద పట్టి, మనసులో అంకెలు లెక్కపెట్టేది. నలభై లెక్కపెట్టే లోపల టోపీ నిండితే ఆ కుళాయి పెద్ద దొంగ. వంద దాకా పడితే చిల్లర దొంగ.

సెక్రటరీ ఇంట్లో అసలు దొంగ దొరికింది. బాత్రూంలో ఎవరూ మీట నొక్కకపోయినా కమోడులో సన్నగా నీటి చప్పుడు. టైలరక్క కొంగు ముడిలోంచి తెల్లబట్టలకి వేసే నీలిమందు చిటికెడు తీసి, ఫ్లష్ ట్యాంకు మూత చివర సందులోంచి లోపలికి జార్చింది. తిరిగి వెళ్ళి హాలు కిటికీ రెండోసారి కొలిచింది, మూడోసారి కూడా కొలిచింది. పది నిమిషాలయ్యాక వచ్చి చూస్తే కమోడులో నీళ్ళు ఆకాశం రంగులో ఉన్నాయి. అంటే ఆ ఫ్లష్ ట్యాంకులో మూసుకోవాల్సిందేదో మూసుకోవడం లేదు. పగలూ రాత్రీ మేడ నీళ్ళు ఇక్కడినుంచే కాలవకి పోతున్నాయి.

ఇంటికొచ్చి, చూసినదంతా మరచిపోకముందే రాసిపెట్టింది. చేతిలో ఉన్నది కొలతల పుస్తకమే కాబట్టి అందులోనే, ఎవరి ఛాతీ, నడుము కొలతల కింద వాళ్ళ సంగతి రాసింది. టైలర్ల రాత మీకు తెలుసుగా, అక్షరాలు కూడా గుడ్డ మిగిల్చినట్టు పొదుపుగా పడతాయి. కుళాయి అన్న మాట ఒక్కచోట కూడా రాయలేదు. తను రాసింది తను చదువుకోవడానికే కదా అనుకుంది.

చిక్కంతా అక్కడే వచ్చింది. కుళాయిలోంచి పడేదీ చుక్కే, సాయంత్రం చాటుగా గొంతులో పోసుకునేదీ చుక్కే. ఏ చుక్కో చెప్పకపోతే చదివేవాళ్ళు తమకి రుచించే చుక్కనే పట్టుకుంటారు.

మంగళవారం ఎదురింటి రేడియో పిన్ని గౌను సరిచూసుకోవడానికి వచ్చింది. అరవై దాటిన మనిషి, నోరు మాత్రం ఇంకా పాతికేళ్ళదే. పొద్దున్న విన్నది మధ్యాహ్నానికి ఎనిమిదిళ్ళకీ చేరవేస్తుంది కాబట్టి ఆ పేరు. టైలరక్క టీ పెట్టడానికి లోపలికెళ్ళింది. నడుము ఎంత రాసిందో చూద్దామని, ఒకవేళ ఎక్కువ రాసుంటే నిలదీద్దామని, పిన్ని పుస్తకం తెరిచింది.

"ఒకటో అంతస్తు హెడ్మాస్టరు. భుజం పదిహేడు. చుక్క తక్కువే గానీ మానదు."

పిన్ని కళ్ళజోడు సర్దుకుంది.

"సెక్రటరీ. నడుము ముప్పై ఎనిమిది. వంటింట్లో ఒకటి, బాత్రూంలో ఒకటి. పగలంతా చుక్కే. ఇంటావిడ పట్టించుకోదు."

పిన్ని ముక్కు మీద వేలేసుకుంది. ఆత్రంగా పేజీ తిప్పింది. తన పేజీ వచ్చింది.

"రేడియో పిన్ని. నడుము నలభై రెండు. చుక్క కాదు, ధార."

పుస్తకం చప్పున మూసేసింది. టీ కప్పులతో వచ్చిన టైలరక్కకి ఆవిడ మొహం టమాటా కుండీలోంచి ఊడిపడ్డట్టు కనిపించింది. "ఏం పిన్నీ, గౌను బిగుతుగా ఉందా?" అని అడిగింది. "ఆ, ఊపిరాడ్డం లేదు" అని పిన్ని టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. సాయంత్రానికి మేడంతా పాకింది, టైలరక్క ఎవరెవరు తాగుతారో పుస్తకం రాస్తోందని. అందరి సంగతీ పూసగుచ్చినట్టు చెప్పిన పిన్ని తన పేజీ సంగతి మాత్రం మింగేసింది. సెక్రటరీ భార్య టీచరమ్మ చెవిన అయితే ఇందులో ఒక్క ముక్కా వెయ్యలేదు. ఆవిడ ఎదుట నోరు తెరిస్తే చెప్పేది వినకుండా మాటల్లో తప్పులు దిద్దుతుందని పిన్నికి భయం.

బుధవారం పొద్దున్న హెడ్మాస్టరు గారు టైలరక్కని చూసి మెట్ల మీద అటు తిరిగి నిలబడ్డారు. పదిన్నరకి సెక్రటరీ ఆఫీసు ఎగ్గొట్టి దిగొచ్చాడు. చేతిలో పాత ప్యాంటు.

"అంచు కొంచెం పొట్టి చెయ్యాలి అక్కయ్యా" అన్నాడు గానీ చూపు ప్యాంటు మీద లేదు, పుస్తకం మీదుంది. "అందులో... నా గురించి కూడా రాశారట?"

"రాశాను. ఉన్నదే రాశాను" అంది టైలరక్క సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"మీకెలా తెలిసింది?"

"చప్పుడు బట్టి."

"చప్పుడా? తలుపేసుకుంటాను కదా!"

"తలుపేస్తే ఆగుతుందేమిటి సెక్రటరీ గారూ? అయినా వంటింట్లోది చిన్నదే లెండి. అసలు కొంప ముంచుతున్నది బాత్రూంలోది."

సెక్రటరీ గోడ పట్టుకున్నాడు. "బాత్రూంలోది కూడా తెలుసా?"

"తెలీకేం? ట్యాంకులోనే ఉంది కదా."

ఆ మాటతో మనిషి ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. గొంతు తగ్గించి, "అక్కయ్యా, మీకు దణ్ణం పెడతాను. సీసా సంగతి మా ఆవిడకి మాత్రం చెప్పకండి. ఇంకెక్కడికైనా మారుద్దామంటే ఆవిడకి బడి సెలవులు, ఇల్లు కదలదు" అన్నాడు.

సూది టైలరక్క వేళ్ళ మధ్యే ఆగిపోయింది. సీసానా? నిన్నటి పిన్ని మొహం, పొద్దుటి హెడ్మాస్టరు వీపు, ఇప్పుడీ పీట మీద వణుకుతున్న మనిషి, అన్నీ ఒక్కసారిగా అతుక్కున్నాయి. కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. నవ్వితే పని చెడుతుందని గబుక్కున నాలుగు గుండుసూదులు పెదాల మధ్య బిగించింది. నోట్లో సూదులున్న టైలరు నవ్వదని అందరికీ తెలుసు.

"చెప్పను" అంది సూదుల సందులోంచి. "కానీ ఆదివారం లోగా ప్రతి ఇంట్లో చుక్క ఆగాలి. మీ చేత్తో రాసి, సంతకం పెట్టి మెట్ల దగ్గర అంటించండి."

"ప్రతి ఇంట్లోనా? అంటే అందరూ..." సెక్రటరీ మొహంలోకి కొంచెం రంగు వచ్చింది. తనొక్కడే కాదన్న ధైర్యం.

"ఒక్క ఇల్లు కూడా మినహాయింపు లేదు."

ఇందులో అబద్ధం ఆవగింజంత లేదు. కాకపోతే సగం నిజాన్ని సూదుల వెనక దాచింది, అంతే. ఇరవై ఏడు కుండీలు కాపాడుకోవాల్సిన మనిషిని తప్పు పట్టడానికి నాకైతే నోరు రాదు.

మధ్యాహ్నానికి కాగితం గోడ ఎక్కింది. "ఆదివారం లోపు ప్రతి ఇంట్లో చుక్క ఆపవలెను." దాని ముందు నిలబడి చదివిన మగవాళ్ళలో ముగ్గురు గట్టిగా దగ్గారు, ఇద్దరు అసలు చదవనట్టే వెళ్ళిపోయారు.

గురువారం నుంచి మొగుడూ పెళ్ళాం బయల్దేరారు. ఆయన చేతిలో పనిముట్ల పెట్టె, దాన్నిండా కుళాయిలో వేసే రబ్బరు వాషర్లు. ముందు హెడ్మాస్టరు గారి తలుపు కొట్టారు. ఆయన తలుపు తీస్తూనే చేతులు జోడించారు.

"అమ్మా, డాక్టరు చెప్పాక నేను మానేశాను. ఆ మధ్య మేనల్లుడి పెళ్ళిలో ఒక్కసారి, అదీ వాళ్ళ బలవంతం మీద..."

మెకానిక్ నేరుగా లోపలికెళ్ళి బాత్రూంలో కుళాయి దగ్గర నిలబడ్డాడు. టప్పున ఒకటి పడింది. "మాస్టారూ, చుక్క అంటే ఇది" అన్నాడు.

హెడ్మాస్టరు గారి మొహంలో ముందు ఊరట, ఆ వెనకే పెళ్ళి సంగతి ఊరికే బయటపెట్టేసుకున్నానే అన్న ఏడుపు కనిపించాయి. లోపల గదిలోంచి ఆయన భార్య, "ఏ మేనల్లుడి పెళ్ళి?" అని కేకేసింది. మెకానిక్ వాషరు మార్చేశాడు, చుక్క ఆగింది. లోపలి గది మాత్రం ఆ రోజంతా ఆగలేదు.

పిన్ని ఇంట్లో వాషరు పనేమీ లేదు. "నాది ధారేమిటే? నా జన్మలో..." అని పిన్ని విరుచుకుపడింది.

"కుళాయి సంగతి పిన్నీ. దాన్ని బార్లా తిప్పేసి కూరగాయలు అక్కడ పడేసి, హాల్లోకెళ్ళి చెల్లెలితో ఫోన్లో ఊసులాడతారు. గిన్నెడు నీళ్ళు పట్టుకుని అందులో కడగండి. ఆ కడిగిన నీళ్ళు నాకివ్వండి, పుదీనాకి పోస్తాను. పుదీనా కావాలంటే మీరే కోసుకోండి."

పిన్ని ఒక్క క్షణం గిలగిల్లాడింది. తర్వాత తను తాగుబోతు కాదని తేలిన ఆనందంలో, ఎంత వేగంగా పుకారు పుట్టించిందో అంత వేగంగా నిజాన్ని కూడా ఎనిమిదిళ్ళకీ చేరవేసింది. నీళ్ళ సంగతి అని తెలిశాక జనానికి హుషారొచ్చింది. గడ్డం గీసుకునేంతసేపూ కుళాయి వదిలేసే నాలుగో అంతస్తు బ్యాంకాయన మగ్గు పెట్టుకున్నాడు. ఆయన పక్కింటివాళ్ళు బట్టలు జాడించిన నీళ్ళతోనే గచ్చు కడగడం మొదలుపెట్టారు.

ఈ నిజం విని కుదేలైపోయింది సెక్రటరీ ఒక్కడే. అడక్కుండానే తన గుట్టు తనే విప్పుకున్నాడు మరి.

శనివారం అతని వంతు వచ్చింది. పిన్ని కూడా వెంటబడి వచ్చింది, చూడ్డానికి. టీచరమ్మ ఇంట్లోనే ఉంది. మెకానిక్ వంటింటి కుళాయి బాగుచేసి బాత్రూంలోకి నడిచాడు. సెక్రటరీ, "అది బాగానే ఉందండీ, దాన్నొదిలెయ్యండి" అని అడ్డం పడ్డాడు. ఇరవై మాటల మనిషికి ఎదుటివాళ్ళ మాటలు కూడా అంతగా వినపడవు. ఫ్లష్ ట్యాంకు మూత ఎత్తేశాడు.

లోపల నీళ్ళలో నిటారుగా ఒక సీసా. నీళ్ళు నిండగానే పైకి తేలి నీళ్ళు ఆపాల్సిన బంతి ఆ సీసా భుజానికి తట్టుకుని సగంలోనే ఆగిపోయింది. రెండు నెలల నీళ్ళ కరువు అంతా ఆ సీసా భుజం మీదే ఉంది.

సెక్రటరీ పై ప్రాణాలు పైనే పోయాయి. పిన్ని మెడ కొంగమెడలా సాగింది.

"ఇదేమిటి?" అని అడిగింది టీచరమ్మ, నెమ్మదిగా.

టైలరక్క ఒక్కసారి సెక్రటరీ మొహం చూసింది. ఇప్పుడు ఊరుకుంటే చాలు, నీళ్ళు తాగేసింది ఎవరో మేడంతా చూస్తుంది. కుండీల మీద అన్యాయంగా పడ్డ నింద అతని మీదికి న్యాయంగా మళ్ళుతుంది. చాలా తీపి ఆలోచనే. కానీ ఆ మొహం చూస్తే జాలేసింది, నిజంగానే జాలేసింది.

"నేనే పెట్టమన్నాను టీచరమ్మా" అంది. "సీసా నింపి ట్యాంకులో పెడితే అది అంత చోటు ఆక్రమిస్తుంది కదా. మీట నొక్కిన ప్రతిసారీ ఒక సీసాడు నీళ్ళు మిగిలినట్టే. పాపం మీవారు నా మాట విని పెట్టారు గానీ, పెట్టకూడని చోట పెట్టారు. ఏమండీ, దాన్ని ఆ మూలకి జరపండి, బంతికి తగలకుండా."

మెకానిక్ సీసా జరిపాడు. బంతి పైకి తేలింది, చప్పుడు ఆగింది. టీచరమ్మ, "ఓహో" అంది. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అనలేదు. పిన్ని అప్పటికే మెట్లు దిగుతోంది. చీకటి పడకముందే ఎనిమిదిళ్ళ ఫ్లష్ ట్యాంకుల్లోనూ నీళ్ళు నింపిన సీసాలు దిగాయి.

ఆదివారం సాయంత్రం అయిదింటికి అందరూ డాబా మీదికి చేరారు. టైలరక్క గుండె కుట్టు మిషనుకంటే వేగంగా కొట్టుకుంటోంది. ఆవిడ టేపు చివర గుండీ కట్టి ఇచ్చింది. సెక్రటరీ నిచ్చెనెక్కి దాన్ని ట్యాంకులోకి వదిలి, పైకి లాగి, తడిసిన చోట వేలు పెట్టి చదివాడు. "ఇరవై రెండు అంగుళాలు!" కిందికి దిగి గొంతు సవరించుకుని, "కుండీలు ఎక్కడివక్కడే ఉంటాయి. అసలు వాటి జోలికి వెళ్ళడం నా పొరపాటు" అన్నాడు అందరి ముందూ. టైలరక్క కొంగుతో మొహం తుడుచుకుంటున్నట్టు నటించి ఏడ్చేసింది.

అందరూ దిగిపోయాక టీచరమ్మ ఒక్కతే వెనక్కి వచ్చింది. చేతిలో చిన్న బకెట్.

"బియ్యం కడిగిన నీళ్ళక్కా. రోజూ తెచ్చి పోస్తాను" అని నిమ్మ తొట్టి దగ్గర కూర్చుంది. నీళ్ళు మొదట్లో పోస్తూ, "నిన్న మీరు బాగా అతికారు. కుట్టు ఎక్కడా కనిపించలేదు" అంది.

టైలరక్క గతుక్కుమంది. "మీకు తెలుసా?"

"సీసా సంగతా? రెండు నెలల కిందట ఫ్లష్ ట్యాంకు కడుగుతుంటే దొరికింది. అడిగితే ఇంకోచోట దాస్తారు, నేను మళ్ళీ వెతుక్కోవాలి. ఉన్నచోటే ఉంటే నా చేతిలో ఉన్నట్టే కదా. అందుకని రోజూ కాస్త తీసి పారబోసి, ఆ మేరకి చల్లారిన టీ నీళ్ళు పోస్తూ వచ్చాను. నెలన్నర నుంచి అందులో ఉన్నది వట్టి టీ. ఆయన తాగుతూనే ఉన్నారు, తల తిరుగుతోందని మంచమెక్కుతూనే ఉన్నారు. సీసా ఎందుకు అయిపోవడం లేదో ఒక్కరోజు అనుమానం రాలేదు. కాకపోతే బంతికి అడ్డం పడుతోందని నాకూ తెలీలేదక్కా. మీ మొక్కల మీదికి వచ్చింది, అందుకు మాత్రం నేను సిగ్గుపడుతున్నాను."

టైలరక్క నవ్వాపుకోవడానికి చేతిలో సూదులు కూడా లేవు. ట్యాంకు గోడకి ఆనుకుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. టీచరమ్మ నవ్వలేదు గానీ పెదాలు మాత్రం మాట వినడం లేదు.

"మరి ఇప్పుడు?" అని అడిగింది టైలరక్క, ఊపిరి తీసుకుంటూ.

"నిన్న రాత్రి తనే అంతా ఒప్పుకుని, నా చేతిలో చెయ్యేసి ఒట్టేశారు, ఈ క్షణం నుంచి మానేశానని. చాలా కష్టపడి మానేసినట్టు మొహం పెట్టారు. నేనూ మెచ్చుకున్నాను." టీచరమ్మ లేచి కొంగు దులుపుకుంది. "టీ కాచి చల్లార్చడం నాకు అలవాటైపోయింది. రేపట్నుంచి అదీ ఈ నిమ్మకే పోద్దామా?"

"పంచదార వెయ్యకండి, చీమలు పడతాయి" అంది టైలరక్క.